జియాన్ ఈ5-2680 వీ4 సెట్టా, ఐ9-13980హెచ్‌ఎక్స్ ల్యాప్‌టాపా? రెండూ వాడినవాళ్లు చెప్పండి

గుంటూరు_కోడ్
ఇంట్లో ఆరేడు వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్‌లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడపాలి. వారానికి రెండు మూడు సార్లు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ కూడా ఉంటుంది. తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్ సెట్ ఒకటి ఉంది: జియాన్ ఈ5-2680 వీ4 (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్), చైనా ఎక్స్99 బోర్డు, 32 జీబీ స్టిక్కులు నాలుగు. మా అన్నయ్యేమో తన ఐ9-13980హెచ్‌ఎక్స్ ల్యాప్‌టాప్ సగం ధరకి తీసుకోమంటున్నాడు, 64 జీబీ ర్యామ్‌తో. జియాన్‌కి 14 కోర్లు, ల్యాప్‌టాప్‌కి 24. వేగంలో తేడా ఎంత ఉంటుంది? కరెంటు ఎంత లాగుతుంది? జియాన్ మీద విండోస్ 11 ఎక్కుతుందా?

రెండర్_అక్క
రెండూ నా టేబుల్ మీదే ఉన్నాయి. ముందు ఆ 24ని 14 పక్కన పెట్టి చూడటం మానేయండి. 24లో పెద్ద కోర్లు 8, మిగతా 16 చిన్నవి. థ్రెడ్లు, అంటే ఒకేసారి నడపగల పనులు, 32. జియాన్‌లో 14 ఒకే రకం, థ్రెడ్లు 28. అయినా ల్యాప్‌టాపే ముందుంటుంది. జియాన్ 2016 నాటిది, ఒక్క కోర్ మీద మహా అయితే 3.3 గిగాహెర్ట్జ్. 2023లో వచ్చిన ఆ ఐ9 5.6 దాకా పోతుంది, పైగా ఒక్కో గిగాహెర్ట్జ్‌కి చేసే పనీ ఎక్కువే. పెళ్లి వీడియోకి ఇంట్రో ఒకటి చేశాను. అదే ఫ్రేమ్ జియాన్‌లో 11 నిమిషాలు పట్టింది, ల్యాప్‌టాప్‌లో 5 లోపే అయిపోయింది.

కానీ అది మొదటి ఫ్రేమ్ సంగతి. ఆ చిప్ జోరు మీద 157 వాట్ల దాకా లాగుతుంది. అంత వేడి అంత సన్నటి డబ్బాలోంచి బయటికి పోవాలి. మే నెలలో ఏసీ లేని గదిలో ఇరవయ్యో ఫ్రేమ్‌కి వచ్చేసరికి 7 నిమిషాలు దాటింది. కీబోర్డు మధ్యలో వేలు పెట్టలేకపోయాను. జియాన్‌లో మొదటిదీ 11, నూరోదీ 11.

పాత_ర్యాక్
16 ఏళ్లుగా డేటా సెంటర్లలోనే ఉన్నాను. నా చేత్తో బిగించిన ప్రాసెసర్లు వందల్లో ఉంటాయి. ఇక్కడ అందరూ గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతున్నారు, సర్వర్ చిప్‌ని దానితో కొలవరు. ఈ5కి 40 పీసీఐఈ లేన్లు ఉన్నాయి, అంటే కార్డులు ప్రాసెసర్‌తో మాట్లాడే దారులు. గ్రాఫిక్స్ కార్డు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, డిస్కుల కార్డు మూడూ పెట్టుకో, ఒకదాని వాటా ఇంకోటి తినదు. ల్యాప్‌టాప్‌లో వీటికి చోటేది? మెమరీకి, ప్రాసెసర్‌కి మధ్య డేటా నడిచే చానెళ్లు నాలుగు. అన్నిటికన్నా ముఖ్యం ఈసీసీ, అంటే మెమరీలో వచ్చే తప్పుల్ని పట్టుకుని దిద్దే ఏర్పాటు. అది లేని మెషిన్‌ని రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచినా దాన్ని నేను సర్వర్ అనను.

హెచ్‌ఎక్స్_ఫ్యాన్
నాలుగు చానెళ్లు అని చెప్పి వదిలేస్తే ఎలా అన్నా, గుణించి చూడండి. డీడీఆర్4-2400 నాలుగు చానెళ్లకి సెకనుకి 76.8 జీబీ. డీడీఆర్5-5600 రెండు చానెళ్లకే 89.6. ఇక ఈసీసీ అంటారా, డీడీఆర్5 చిప్పుల్లో అది ముందే ఉంది. పాత మాటలు చెప్పి కొత్తవాళ్లని భయపెట్టకండి.

పాత_ర్యాక్
గుణకారం సరే, ఒప్పుకుంటాను. ఈసీసీ గురించి మాత్రం తెలియకుండా మాట్లాడకు. డీడీఆర్5 లోపల ఉండేది ఆన్-డై ఈసీసీ. చిప్ తన లోపలి తప్పుని తానే దిద్దుకుంటుంది, అంతవరకే. అక్కణ్నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో బిట్ తిరగబడితే దానికి పట్టదు. తప్పు జరిగిందని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పదు కూడా. సర్వర్ డీడీఆర్4లో 64 బిట్ల డేటాకి ఇంకో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే పట్టుకుంటుంది, లాగ్‌లోకి ఎక్కుతుంది. రెండిటికీ పేరొక్కటే, పని వేరు.

హెచ్‌ఎక్స్_ఫ్యాన్
"తెలియకుండా" అన్న మాట వెనక్కి తీసుకోండి. ఐదేళ్లుగా ల్యాప్‌టాప్ మీద డేటాబేస్ నడుపుతున్నాను. ఒక్క రికార్డు కూడా చెడలేదు.

ఫొటోల_నాన్న
చెడలేదని మీకెలా తెలుసు? నేనూ అలాగే అనుకున్నాను. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ ల్యాప్‌టాప్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్కుకి బ్యాకప్ తీసేవాణ్ణి. ఒకరోజు అన్నప్రాశన ఫొటో తెరిస్తే పై సగం బాగుంది, పాప నుదురు దగ్గర్నుంచి కిందికంతా బూడిదరంగు పట్టీ. అక్షరాభ్యాసం వీడియో మధ్యలో ఆగిపోతోంది. డిస్కు పోయిందనుకుని కొత్తది కొన్నాను. మళ్లీ అదే. చివరికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెడితే ప్రతి రౌండులోనూ అదే అడ్రస్, అదే ఒక్క బిట్. నాలుగు నెలల బ్యాకప్‌లు దాని మీదుగానే వెళ్లాయి.

హెచ్‌ఎక్స్_ఫ్యాన్
చదువుతుంటే బాధేసింది అన్నా. కానీ అది పాడైన స్టిక్. కొన్నరోజే మెమ్‌టెస్ట్ పెట్టి ఉంటే దొరికేది. దానికోసం సర్వర్ ప్రాసెసర్ కొనాలా?

ఫొటోల_నాన్న
కొన్నరోజు పెట్టాను, ఒక్క తప్పూ రాలేదు. రెండేళ్లు వాడాక పాడైంది. ఈసీసీ ఉంటే పాడైన రోజే లాగ్‌లో కనిపించేది. అన్నప్రాశన మళ్లీ చేయలేం కదా తమ్ముడూ.

బెజవాడ_విస్సు
ర్యామ్ మాట వచ్చింది కాబట్టి నాది కూడా చెబుతాను. సర్వర్ ర్యామ్ చౌకగా వస్తోందని రెండు స్టిక్కులు తెచ్చి ఇంట్లో డెస్క్‌టాప్‌లో పెట్టాను. ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ వెలగదు. బోర్డు పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అవి రిజిస్టర్డ్ రకం, మామూలు డెస్క్‌టాప్ వాటిని తీసుకోదు. స్టిక్కర్ మీద 2400టీ తర్వాత ఆర్ అనే అక్షరం ఉందేమో చూసుకుని కొనండి. అమ్మినాయన వెనక్కి తీసుకోలేదు.

రెండర్_అక్క
జియాన్ పెట్టిన ఎక్స్99లో అవి పనిచేస్తాయి విస్సు గారూ, పారేయకండి.

జీరో_బిల్లు_వరంగల్
ఆయన కరెంటు గురించి అడిగితే ఒక్కరూ చెప్పలేదు. నాది అదే 2680 వీ4. ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూశాను. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడే 85 వాట్లు. రోజంతా ఉంచితే నెలకి 61 యూనిట్లు. మాకు గృహజ్యోతి ఉంది, 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. 165, 170 దగ్గర ఉండేవాళ్లం. సర్వర్ పెట్టిన నెల 228 వచ్చింది. దాటిన 28 యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మా అమ్మ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చి, "ఇందులో ఏ వైరు పీకమంటావో నువ్వే చెప్పు" అంది. ఇప్పుడు ఆ పనులన్నీ ల్యాప్‌టాప్ మీద నడుస్తున్నాయి. ఊరికే ఉన్నప్పుడు 20 వాట్లు, నెలకి 15 యూనిట్లు కూడా కాదు.

పాత_ర్యాక్
85 ఎక్కువ. ఆ చైనా బోర్డుల్లో సీ-స్టేట్లు (పని లేనప్పుడు ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే సెట్టింగులు) చాలాసార్లు ఆఫ్‌లో ఉంటాయి. బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చెయ్.

జీరో_బిల్లు_వరంగల్
చేశాను సార్. 62కి దిగింది. అంటే నెలకి 45 యూనిట్లు. 170కి 45 కలిపి చూడండి, మళ్లీ 200 దాటుతుంది. కరెంటు బిల్లు ఆఫీసే కట్టే చోట ఉన్నవాళ్లకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు, మా ఇంట్లో ఇదే పెద్ద విషయం.

ల్యాబ్_లక్ష్మి
ల్యాప్‌టాప్‌ని సర్వర్‌లా వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. నేను 11 నెలలు ప్లగ్‌లోనే ఉంచాను. ముందు టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం మానేసింది. తర్వాత టేబుల్ మీద పెడితే ఊగడం మొదలైంది. కింద మూత విప్పితే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. ఛార్జింగ్ 60 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే పెట్టండి. నేను పెట్టలేదు.

హెచ్‌ఎక్స్_ఫ్యాన్
ఆ బ్యాటరీయే నాకు యూపీఎస్. మా ఊళ్లో గాలిదుమారం వస్తే కరెంటు గంట, గంటన్నర పోతుంది. వైఫై రౌటర్ ఆగిపోతుంది కానీ డేటాబేస్ ఆగదు. ఎక్స్99కి యూపీఎస్ విడిగా కొనాలి, ఆ ఖర్చు ఎవరూ కలపడం లేదు.

పాత_ర్యాక్
ఇది న్యాయమైన మాట. ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈసీసీ మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

గుంటూరు_కోడ్
అందరికీ థాంక్స్. విండోస్ 11 సంగతి ఎవరైనా చెబుతారా?

రెండర్_అక్క
మైక్రోసాఫ్ట్ లిస్టులో వీ4 లేదు. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే లెక్క, ఇది బ్రాడ్‌వెల్, అంతకంటే పాత తరం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. వర్చువల్ మెషిన్లే కదా మీ పని, వాటిని నడపడానికే ఉన్న ప్రాక్స్‌మాక్స్ వేసేయండి. ఇంకో సంగతి, ఈ5లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, స్క్రీన్ రావాలంటే కార్డు తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లో అది ఉంది, వీడియో ఎడిటింగ్‌కి దానిలోని క్విక్ సింక్ (వీడియో మార్పిడిని వేగంగా చేసే భాగం) బాగా పనికొస్తుంది.

గుంటూరు_కోడ్
నిన్న సాయంత్రం వెళ్లి జియాన్ సెట్ చూశాను. మెషిన్ బాగానే ఆన్ అయింది. కానీ 128 జీబీ అన్నారు, బయోస్‌లో 96 కనిపిస్తోంది. స్టిక్కులు తీసి తుడిచి పెట్టినా అంతే.

పాత_ర్యాక్
స్టిక్కులు అటూ ఇటూ మార్చి చూశావా? ప్రతిసారీ అదే స్లాటు ఖాళీగా కనిపిస్తే తప్పు ర్యామ్‌లో లేదు. ప్రాసెసర్ తీసి సాకెట్‌లో పిన్నులు చూడు. సెల్‌ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా కొట్టు, వరసలో తేడా తెలుస్తుంది. వేలు మాత్రం తగలనివ్వకు.

గుంటూరు_కోడ్
మార్చి చూశాను సార్, అదే స్లాటు. ఈరోజు ఆయన ముందే ప్రాసెసర్ తీయించాను. అంచు దగ్గర ఒక పిన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉంది. ఆయనకీ తెలియదట, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అడ్వాన్స్ ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. అన్నయ్యకి ఫోన్ చేసి ల్యాప్‌టాప్ నాకే ఉంచమన్నాను. లక్ష్మి గారూ, ఆ 60 శాతం సెట్టింగ్ బయోస్‌లో ఉంటుందా, కంపెనీ యాప్‌లోనా?

ల్యాబ్_లక్ష్మి
నాది యాప్‌లో ఉంది. కొన్నిటికి బయోస్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ చేతికి రాగానే మోడల్ పేరు పెట్టండి, చూసి చెబుతాను.