పది తర్వాత పాలిటెక్నిక్: తల్లిదండ్రులకిచ్చే కాగితంలో ఇంకేం చేర్చాలి?

నమస్కారమండి. గుంటూరు చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో పది చదివే పిల్లల ఇళ్లకు పంచడానికి ఒక పేజీ కాగితం తయారవుతోంది. ఇంటర్ గురించి రెండు ముక్కలు చాలు. పాలిటెక్నిక్ (డిప్లొమా చదువు) దగ్గరే మీ సాయం కావాలి.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులకు: లెక్కలు 50, భౌతికం 40, రసాయనం 30. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకూడదు. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు ర్యాంకు రాకముందే చేతిలో ఉండాలి.

అసలు నష్టం వెబ్ ఆప్షన్లలో, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలు, బ్రాంచీలు వరుసగా ఎంచుకునే దగ్గర, జరుగుతోంది. సీట్ల కేటాయింపు మనమిచ్చిన వరుసలో పైనుంచి కిందికి చూస్తుంది, ర్యాంకుకు ముందుగా ఏది దొరికితే అదే ఇస్తుంది. భయపడి తేలిగ్గా వచ్చే కాలేజీని పైన పెడితే అదే ఖాయమవుతుంది. కోరుకున్నది పైన, నమ్మకమున్నవి కింద ఉండాలి. రెండు మూడింటితో ఆపకూడదు. సీటొచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నామని మనమే నమోదు చేయడం), కాలేజీకి స్వయంగా వెళ్లడం రెండూ తప్పనిసరి. ఒకటే చేసి సీటు పోగొట్టుకునేవాళ్లున్నారు.

తెలిసినవారు చెప్పండి: డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లకు మొదటి ఏడాది లెక్కల్లో ఏ అధ్యాయాలు అడ్డమొస్తున్నాయి? డిప్లొమా మొదటి సెమిస్టర్లో తెలుగు మీడియం పిల్లలు ఏ సబ్జెక్టులో ఎక్కువగా తప్పుతున్నారు? విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పనికి మెకానికల్ డిప్లొమా అడుగుతున్నారా, ఐటీఐ సరిపోతుందంటున్నారా? ఈ చివరిదానికి అక్కడ మనుషుల్ని పనిలో పెట్టుకునేవారే జవాబిస్తే మరీ మేలు.