మనవరాలికి వయొలినా, సెల్లోనా? కాస్త తేల్చండి

కోట జంక్షన్ తాతయ్య (విజయనగరం):
నమస్కారం. మా అమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. మనవరాలికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. వాళ్ల బళ్లో తీగ వాద్యాల ఆర్కెస్ట్రా పెడుతున్నారు. వయొలిన్, వయోలా, సెల్లో, డబుల్ బేస్, ఈ నాలుగింట్లో ఒకటి రాసి పంపాలి. పిల్లేమో సెల్లో (మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించేది, మంద్రంగా, అంటే అడుగు స్వరంలో పలికే పెద్ద వాద్యం) అని పట్టుబట్టింది. నేను వయొలిన్ అంటాను. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు మాది. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. వేసవికి వస్తే ఎవరో ఒక మాస్టారి దగ్గర కూర్చోబెడతాను. సెల్లో పట్టుకొస్తే ఎవరికి చూపించను? మా అమ్మాయి మాత్రం "వాయించేది అదా, మీరా నాన్నా?" అంటోంది.

రాజాం టీచరమ్మ:
నా ఓటు వయొలిన్‌కే, బాబాయ్ గారూ. మోసుకెళ్లడానికి తేలిక. సైజు మాత్రం చూసుకోమనండి. భుజం మీద పెట్టి ఎడమ చెయ్యి బారుగా చాపితే వయొలిన్ తల అరచేతి మధ్యకి రావాలి. తొమ్మిదేళ్ల పిల్లకి సగం సైజో, ముప్పావో సరిపోతుంది. ఎలాగూ పెరుగుతుంది కదా అని పెద్దది కొనకండి, పొడుగ్గా కుట్టించి మడత వేయడానికి ఇది పరికిణీ కాదు. అక్కడ అద్దెకిస్తారు, పిల్ల ఎదిగితే మార్చుకోవచ్చు.

అరసవల్లి కమాను:
తాతగారూ, మీ లెక్కలో ఒక పొరపాటుంది. వాద్యం ఒకటే గానీ చదువులు రెండు, అక్కడి బళ్లో పాశ్చాత్యం, ఇక్కడ కర్ణాటక సంగీతం. వాళ్లు పక్కపక్క తీగల మధ్య అన్నిచోట్లా స నుంచి ప దూరమే ఉంచుతారు. మనం స-ప-స-ప అని కడతాం, అంటే నడిమి రెండు తీగల మధ్య దూరం తగ్గిపోతుంది. అక్కడ అలవాటైన వేలు ఇక్కడ తప్పు స్వరం మీద పడుతుంది. వాళ్లు గడ్డం కింద పెట్టుకుంటారు, మనం కింద కూర్చుని వయొలిన్ తలని చీలమండ మీద ఆనిస్తాం. మా అన్నయ్య కూతురు అలాగే సెలవులకి వచ్చింది. మాస్టారు తీగలు దించి శ్రుతి చేశారు. వెళ్లే ముందు మళ్లీ బిగిస్తుంటే సన్నతీగ టప్పున తెగింది. పిల్ల ఏడుపు సరే, మా వదిన చూపు ఇంకా మర్చిపోలేదు. వేసవి పాఠం కోసమే వయొలిన్ అయితే, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

బొబ్బిలి కుర్రోడు:
గుంట సెల్లో అంటే సెల్లో ఇప్పించండి, ఇందులో తగువేటి? వయొలిన్ మాత్రం మనదేటి? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి గారు దొర దగ్గర నేర్చుకుని తెచ్చిందే కదా. సెలవులకి వస్తే మా గొల్లపల్లి పట్రండి. ఒకే పనస దుంగ తొలిచి వీణ ఎలా చేస్తారో, మైనంలో ఇరవై నాలుగు మెట్లు ఎలా కూర్చుతారో చూపిస్తాను. మంద్రం ఇష్టమైన పిల్లకి వీణ నచ్చకపోదు.

రాజాం టీచరమ్మ:
అది బానే ఉంది తమ్ముడూ, సెల్లో తీగలు లావు, వేళ్లు నొప్పెడతాయి. నెల తిరిగేసరికి మానేస్తే? (వయోలా ఊసు ఒక్కరూ ఎత్తలేదు, పాపం.)

అరసవల్లి కమాను:
ఇష్టం లేనిదిస్తే వారం తిరిగేసరికే మానేస్తుంది అక్కా. తాతగారూ, సెల్లో ఎందుకట? అడిగారా?

కోట జంక్షన్ తాతయ్య:
నిజం చెప్పాలంటే మీరు అనేదాకా అడగలేదు. నిన్న రాత్రి వీడియోలో అడిగాను. పిల్ల నోటితో చెప్పలేదు. తలగడ మోకాళ్ల మధ్య పెట్టుకుని, స్కేలు కమానులా లాగుతూ, పెదాలు మూసుకుని అడుగు స్వరంలో మ్మ్‌మ్మ్ అంది. "తాతయ్యా, ఇది ఇక్కడ మోగుతుంది" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. మా ఆవిడ పక్క నుంచి "మీ గొంతూ అంతేగా" అంది. ఇంక నేనేం మాట్లాడను! శుక్రవారం దాకా గడువుంది. బడి బస్సులోకి సెల్లో ఎక్కనిస్తారో లేదో అల్లుడుగారు కనుక్కుంటున్నారు. బొబ్బిలి బాబూ, మే నెలలో నువ్వు ఊళ్లోనే ఉంటావా?