ఆడుకోవడానికి వచ్చిన పిల్లవాడికి భోజనం పెట్టకపోవడం మర్యాదేనా?

కృష్ణాతీరం (ఉప్సాలా):
స్నేహితుల ఇంటికి వచ్చిన పిల్లలను గదిలో ఉంచి, ఇంటివారు మాత్రం భోజనానికి కూర్చునే స్వీడన్ అలవాటుపై 2022 మే నెలలో సామాజిక మాధ్యమాల్లో ప్రపంచమంతటా చర్చ జరిగింది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఈమధ్య సాయంత్రం ఐదున్నరకు ఒక తల్లి తన పిల్లలను భోజనానికి పిలుచుకొని, ఎనిమిదేళ్ల మా అబ్బాయితో "నువ్వు ఇక్కడే ఆడుకుంటూ ఉండు" అని చెప్పారట. వంట వాసన వస్తుంటే మావాడు ఒంటరిగా కూర్చున్నాడు. దీన్ని సమర్థించేవారు కారణం చెప్పాలి.

లుండ్ నివాసి:
నేను సమర్థిస్తాను. ఇక్కడ చాలా ఇళ్లలో రాత్రి భోజనం ఐదు, ఆరు గంటల మధ్యే అవుతుంది. ఆ వేళకు మీ ఇంట్లోనూ వంట సిద్ధమై ఉంటుందని, పిల్లవాడు ఇక్కడే తింటే మీరు వండింది వృథా కావడమే కాక మీరంతా కలిసి కూర్చునే సమయం కూడా చెడుతుందని వారు ఆలోచిస్తారు. మనిషికి ఇన్ని అని లెక్కగా బంగాళాదుంపలు ఉడికించే ఇళ్లలో అదనపు పళ్లెం ముందే అనుకున్నదై ఉండాలి. పైగా నిర్బంధ విద్యలో ఉన్న పిల్లలందరికీ బడిలో ఉచితంగా భోజనం పెట్టాలని చట్టమే ఉంది కనుక మీ అబ్బాయి పస్తు ఉన్నాడని అనలేము.

నీలిగోరింట (గోథెన్‌బర్గ్):
మా పిల్లలకు ఇక్కడ ఎప్పుడూ పెట్టారు. అన్ని ఇళ్లూ ఒకటి కావు.

కృష్ణాతీరం:
నేను పస్తు గురించి అడగలేదు. ఒక్క ఫోన్ చేసి "మీ అబ్బాయి ఇక్కడ తినవచ్చా" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఫీకాకు, అంటే కాఫీ, చిరుతిళ్లతో కబుర్లు చెప్పుకోవడానికి, పిలిచినప్పుడు దాల్చినచెక్క బన్నులు మిగిలిపోయేంతగా పెట్టే ఇంటికి ఒక పిల్లవాడి పళ్లెం ఎందుకు బరువైంది?

లుండ్ నివాసి:
ఫీకాకు ముందే పిలుస్తారు, దానికి తగినట్టు చేసి పెట్టుకుంటారు. ఇక ఫోన్ మీరైనా చేయవచ్చు కదా!

సాయంసంధ్య:
మా పాపకు వేరుశనగ పడదు. అడగకుండా పెట్టేవారికంటే పెట్టనివారే నాకు నయం.

కృష్ణాతీరం:
ఫోన్ నేను చేయాలా? అన్నం పెట్టమని అడుక్కోవాలా? లుండ్ నివాసి గారూ, ఇక్కడి పౌరసత్వం వచ్చాక మీకు మన ఇళ్ల తీరు తక్కువగా కనిపిస్తోందని స్పష్టంగా తెలుస్తోంది.

లుండ్ నివాసి:
పౌరసత్వం మాట మీరే తెచ్చారు కనుక చెబుతున్నాను. ఇంటర్మీడియట్ చదివిన రెండేళ్లూ విజయవాడలో బంధువుల ఇంట తిన్నాను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, చివరికి నా పెళ్లిలో కూడా, ఆ అన్నం సంగతి నలుగురిలో గుర్తుచేశారు. ఈ దేశం 1971లో భార్యాభర్తల ఆదాయాలకు విడివిడిగా పన్ను వేయడం మొదలుపెట్టింది. పైచదువులకు ఇచ్చే విద్యార్థి సాయం, రుణం తల్లిదండ్రుల సంపాదనను చూసి నిర్ణయించరు. ఎవరూ ఎవరి దయ మీదా బతకనక్కరలేదన్న ఆలోచన వీటన్నిటి వెనుకా ఉంది. వేరే ఇంటి బిడ్డ మీద, ఆ బిడ్డ తల్లిదండ్రుల మీద రుణం మోపకుండా ఉండడం కూడా అందులో భాగమే. నాకు అది గౌరవంగా కనిపిస్తుంది.

కృష్ణాతీరం:
మీ బంధువుల తప్పుకు అన్నాన్ని ఎందుకు నిందిస్తారు? పెట్టి దెప్పిపొడవడం వేరు, పెట్టడం వేరు. రుణమే లేని చోట మనిషికీ మనిషికీ మధ్య ఏం మిగులుతుంది? నా అసలు బాధ ఆ తల్లి గురించి కాదు. మొన్న ఆ స్నేహితుడే మా ఇంటికి వచ్చాడు. నేను కంచాలు పెడుతుంటే మావాడు వచ్చి, "మనం తినేదాకా వాణ్ణి గదిలో ఉండమని చెప్పనా అమ్మా?" అని అడిగాడు.

నీలిగోరింట:
మీరేం చేశారండీ?

కృష్ణాతీరం:
ఇద్దరికీ పప్పన్నం కలిపి పెట్టాను.

లుండ్ నివాసి:
ఆ బాబు ఇంట్లో అడిగారా?

కృష్ణాతీరం:
అడగలేదు, ఇకమీదట కూడా అడగను.

లుండ్ నివాసి:
అయితే ఆ సాయంత్రం వాడి తల్లి వండి పెట్టుకొని ఎదురుచూసి ఉంటుంది. ఆమె గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు.