సమస్య: గోడ కలదు గాని గోడ లేదు

నిర్వాహకుడు: మా ఇంట్లో ఒకరికి వెన్నునీరు (మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే ద్రవం) తీస్తుండగా బయట బల్ల మీద కూర్చున్నప్పుడు ఈ పాదం తట్టింది. నిద్రమందు నెత్తురు నుండి వెన్నునీటిలోకి దాటే తీరే విషయం కావాలి; అది తప్పితే పూరణ ఎంత బాగున్నా స్వీకరించను.

పాతపంతులు:

వెన్నునీటి చెంత వెలసిన కణరాశి
నీట కరుగు మందు నిలుపుచుండు;
కొవ్వులోన కరుగు గుణమున్న మందుకున్
గోడ కలదు గాని గోడ లేదు.

కణరాశి అంటే మెదడు గదులలో రోజుకు సుమారు అర లీటరు వెన్నునీటిని ఊరించే కొరాయిడ్ ప్లెక్సస్; నెత్తురుకు, వెన్నునీటికి నడుమ గోడ అదే. 1960లో అమెరికాలో ఔషధశాస్త్రజ్ఞుడు బ్రోడీ బృందం ప్రచురించిన పరిశోధన నా పూరణకు ఆధారం. కొవ్వులో బాగా కరిగే థయోపెంటాల్ అనే నిద్రమందు వెన్నునీటిలోకి ఇట్టే చేరుతుంది, అంతగా కరగని మరో నిద్రమందు బార్బిటాల్ నత్తనడక నడుస్తుంది.

గోదావరిగట్టు: భావం మెచ్చదగినదే. కాని "మందుకున్" ఎక్కడి సాధురూపం? నుగాగమం వచ్చి "మందునకున్" కావలసిన చోట, పోయిన నెల నా పద్యంలోని ఒక్క అరసున్న కోసం మూడు రోజులు వాదించిన పంతులుగారే ఇలా జారడం నాకు కొంత ఊరటగా ఉంది.

పాతపంతులు: అంగీకరిస్తున్నాను. "గుణపు మందులకెల్ల" అని దిద్దుకుంటాను.

మత్తువైద్యుడు: వ్యాకరణం కుదిరింది, వైద్యం చెడింది. ఆ "ఎల్ల" నిలవదు. డయజిపామ్ అనే నిద్రమందు కొవ్వులో చక్కగా కరుగుతుంది. అయినా సుమారు 98 శాతం నెత్తురులోని ప్రోటీను అయిన ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక, విడిగా తిరిగే ఆ కాస్త భాగమే గోడ దాటగలదు. వెన్నునీటిలో ప్రోటీను అతి స్వల్పం కాబట్టి అక్కడ కొలిస్తే కనబడేదీ దాదాపు ఆ రెండు శాతమే. నా పూరణ మిడజోలామ్ అనే మరో నిద్రమందు మీద:

పుల్లనీట మందు పూర్ణమ్ము కానట్టి
వలయమగును, రక్తవాహినిఁ గన
మూసికొనును; కొవ్వు మోహమ్ముతో దాటు;
గోడ కలదు గాని గోడ లేదు.

ఆంప్యూల్‌లోని ఆమ్లద్రవంలో, అంటే పులుపును కొలిచే పిహెచ్ 4 కన్నా తక్కువలో, దీని అణువులోని వలయం విచ్చుకొని నీట కరుగుతుంది. నెత్తురులో 7.4 దగ్గర ఆ వలయం మూసుకొని అదే అణువు కొవ్వు పక్షానికి ఫిరాయిస్తుంది. మార్పు గోడలో లేదు, మందులోనే ఉంది.

పాతపంతులు: "కొవ్వు మోహము" అన్న మాట ఒక్కటే ఈ వారం బహుమతికి చాలు. నిరుడు "పాలు" సమస్యలో తమరు ప్రొపోఫాల్‌ను క్షీరధార అన్నప్పుడు, ఆ మత్తుమందు తెలుపు దానిని కలిపిన సోయా నూనె ద్రవానిదే గాని మందుది కాదని నేను మొత్తుకున్నా ఒప్పుకోలేదు. మందు గుణమేదో, అది నిలిచిన ద్రవం గుణమేదో విడదీసి చూడడం ఇప్పటికైనా అలవడినందుకు సంతోషం.

గోదావరిగట్టు: మందు అన్న మాటకు లోకంలో ఉన్న రెండో అర్థాన్ని అందరూ మరిచారు. సారా నీటిలో ఎంతైనా కలుస్తుంది, అయినా వెన్నునీటిలోకి నిరాటంకంగా వెళుతుంది. మరి పంతులుగారి రెండో పాదం దానిని ఎక్కడ నిలిపింది?

మత్తువైద్యుడు: ఆక్షేపణ న్యాయమైనది. ఇథనాల్ అణువు చాలా చిన్నది, పైగా చార్జి (విద్యుదావేశం) లేనిది. గోడకు గిట్టనిది ముఖ్యంగా చార్జి. థయోపెంటాల్ సైతం 7.4 దగ్గర 60 శాతం దాకా చార్జి లేని రూపంలో ఉండబట్టే అంత సులువుగా దాటుతున్నది.

పాతపంతులు: అయితే రెండో పాదాన్ని "చార్జియున్న మందు జరుగనీదు" అని మారుస్తున్నాను. చ, జలకు వర్గయతి చెల్లింది. ఇక ఎవరూ వేలు పెట్టవలసిన పని లేదు.

గోదావరిగట్టు: యతి చెల్లింది, సందేహం లేదు. అయితే పోయిన నెల నా పద్యంలోని "బస్సు"ను అన్యదేశ్యమని నిలిపివేసిన పంతులుగారు తమ "చార్జి"ని ఏ టిక్కెట్టు మీద దాటిస్తున్నారో కాస్త సెలవివ్వాలి.