డ్రాయింగులో బ్రినెల్, మా దగ్గర రాక్‌వెల్: ఏ రీడింగు నమ్మాలి?

అందరికీ నమస్కారం. తిరుపతి పక్కన రేణిగుంటలో ఒక చిన్న మెషిన్ షాపులో నాలుగు నెలలుగా క్వాలిటీ పని చూస్తున్నాను. హార్డ్‌నెస్ (లోహం గట్టిదనం) గురించి, దాన్ని కొలిచే బ్రినెల్, రాక్‌వెల్ పద్ధతుల గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ఈఎన్8 అనే రకం స్టీలు షాఫ్టు డ్రాయింగులో ‘229 హెచ్‌బీడబ్ల్యూ 10/3000’ అని ఉంది. 229 హార్డ్‌నెస్ విలువ, హెచ్‌బీ అంటే బ్రినెల్ హార్డ్‌నెస్, డబ్ల్యూ అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ బాల్, 10 దాని వ్యాసం మిల్లీమీటర్లలో, 3000 కిలోల లోడు. ఇంతవరకు అర్థమైంది. కానీ మా దగ్గర ఉన్నది రాక్‌వెల్ మెషిన్ ఒక్కటే. సి స్కేలులో, అంటే డైమండ్ కోన్, 150 కిలోల లోడుతో చూస్తే ఒకే షాఫ్టు మీద 17, 21, 19 వచ్చాయి. ఎమరీ పేపరుతో నిగనిగలాడేదాకా రుద్ది, వి బ్లాకు (గుండ్రటి వస్తువు కదలకుండా పట్టే వి ఆకారపు గాడి దిమ్మ) మీద పెట్టి మళ్లీ చూశాను. అయినా అంతే. సి స్కేలు 20 కింద నమ్మకూడదని, మెత్తటి లోహాలకు వాడే బి స్కేలు 100 దాటితే పనికిరాదని చదివాను. మా షాఫ్టు సరిగ్గా ఆ సందులోనే ఇరుక్కుంది. బిలో 98 వచ్చింది. పట్టిక చూసి దాన్ని బ్రినెల్‌లోకి మార్చి రిపోర్టులో రాయొచ్చా? పోయిన లాటుకు అలాగే రాస్తే కస్టమర్ తిప్పి పంపారు. అప్పటి నుంచి సంతకం పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. గుండ్రటి షాఫ్టుకు రీడింగు తక్కువ చూపిస్తుందంటారు, ఎంత కలపాలి? షాఫ్టు వ్యాసం 25 మిల్లీమీటర్లు.

ఇంకొకటి. ఒక పినియన్‌కు (చిన్న పళ్ల చక్రం) ‘700 హెచ్‌వీ 1’ అని ఉంది, అంటే విక్కర్స్ అనే ఇంకో హార్డ్‌నెస్ పద్ధతి, 1 కిలో లోడు. గట్టిపరిచిన పైపొర లోతు 0.5 మిల్లీమీటర్లే. మా రాక్‌వెల్ సి స్కేలులో 150 కిలోలతో నొక్కితే కింద ఉన్న మెత్తటి లోహం కూడా రీడింగులో కలిసిపోదా?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బయటివాళ్లకు బ్రినెల్, విక్కర్స్ టెస్టులు చేసిచ్చే ల్యాబ్ ఉంటే దయచేసి చెప్పండి. శుక్రవారం లోపల లాటు పంపాలి.