సమస్య: "దేవుఁ డంచున నరుఁడేమొ తిష్ఠ వేసె"

నిర్వాహకుడు: నిన్న రాత్రంతా ఆస్ట్రియా చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ 1890లో వేసిన జోసెఫ్ పెంబౌర్ బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఇన్స్‌బ్రుక్‌లో ఫెర్డినాండియం మ్యూజియంలో ఉంటుంది. పెంబౌర్ పియానో గురువు, ముఖం అచ్చం ఫోటో దించినట్టుంది, కానీ నా కళ్ళు చట్రం మీంచి కదల్లేదు: వెడల్పాటి బంగారు పూత, దాని మీద క్లిమ్టే తన చేత్తో గీసిన గ్రీకు బొమ్మలు. ఈ పాదం అక్కడే తట్టింది. కానివ్వండి.

గోదారిగట్టు:
పసిఁడి పూసిన చట్రానఁ బాత గ్రీకు
వీణ పట్టిన పాటల వేల్పు నిలువ
నడుమ గురుమూర్తి ఫోటోగ నాటుకొనియె
దేవుఁ డంచున నరుఁడేమొ తిష్ఠ వేసె

తెనాలి అబ్బాయి: "ఫోటోగ నాటుకొనియె" దగ్గర పడిపోయాను మాస్టారూ! పాటల వేల్పంటే అపోలో అని చెప్పకుండానే తెలిసింది. ఒక్కటే సందేహం, "పాత గ్రీకు"లో గ్రీ ముందున్న త గురువు, అంటే బరువైన అక్షరం, అవ్వదా? అయితే గణం, అదే పాదంలో అక్షరాల లెక్క, పోయినట్టే.

గోదారిగట్టు: పోదు బాబూ. పాత వేరే మాట, గ్రీకు వేరే మాట, సమాసం కాదు, త ఊది పలకం.

భాగ్యనగరి: గణం సరే, వీణ మాటేమిటి? ఆ వేలుపు చేతిలోది కిథారా అనే గ్రీకు తంత్రీవాద్యం, దాన్ని వీణ అంటే నాకు ఒప్పలేదు. నా పూరణ చూడండి.

మెట్లపై వ్రేళ్ళు పరుగిడ మేనులెల్ల
పులకరింపగ జనకోటి పొగడ నతని
చిత్రమం దట్టి గౌరవశ్రీల తోడ
దేవుఁ డంచును నరుఁడేమొ తిష్ఠ వేసె

గోదారిగట్టు: అమ్మా, ఇచ్చిన పాదంలో "అంచున", మీరు రాసింది "అంచును". ఆ ఒక్క అక్షరంతో చట్రం అంచు కాస్తా "అనుచు" అయిపోయింది. నిరుడు నా యతి, అదే పాదం మధ్య అక్షర మైత్రి, ఒక్కటి తప్పితే మూడు రోజులు వదల్లేదు మీరు!

భాగ్యనగరి: వదల్లేదు, నిజమే. అప్పుడు తప్పింది యతి ఒక్కటే కాదు మాస్టారూ. 1898 నాటి పల్లాస్ అథీనా అనే క్లిమ్ట్ బొమ్మ చట్రానికి ఆయనే రంగులద్దాడని రాశారు, అది ఆయన తమ్ముడు గేయోర్గ్ లోహంతో చేసిన చట్రం. తండ్రి బంగారం మీద చెక్కే పనివాడు, ఆ ఇంట్లోనే ఆ పని ఉంది. పెంబౌర్ చట్రమే కుంచెతో వేసింది.

తెనాలి అబ్బాయి: 1890లోనే కదా వియన్నా కళాచరిత్ర మ్యూజియం మెట్ల దారిలో కమానుల మధ్య గ్రీకు, ఈజిప్టు బొమ్మలు వేసే పని మొదలుపెట్టింది! కళ్ళనిండా అవే ఉండుంటాయి, చట్రం మీదకీ వచ్చేశాయి.

నిర్వాహకుడు: అమ్మా, "ను" ఒప్పుకోలేను, ఇచ్చిన పాదం ఇచ్చినట్టే ఉండాలి. కానీ అంచుని "అనుచు"గా విరవడం నాకు తట్టనే లేదు, పొద్దుటి నుంచి నాలుగుసార్లు చదువుకున్నాను. మాస్టారి పద్యమే ముందు నిలుస్తుంది, వీణతో సహా. తెలుగు చెవికి కిథారా కంటే ముందు వీణే మోగుతుంది.

భాగ్యనగరి: సరే, "న" ఉంచి రేపు ఇంకొకటి రాస్తాను. వీణ మాత్రం ఒప్పుకోను.