వార్హోల్ బొమ్మకి ‘దీనంగా’ అనొచ్చా?

ప్రశ్న: అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్, అక్కడే పేరున్న మరో చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ని ఎదురుగా కూర్చోబెట్టి 1970లో వేసిన బొమ్మ గురించి చిన్న పరిచయం రాస్తున్నాను. ‘వల్నరబుల్’ (ఏ రక్షణా లేకుండా, దెబ్బ తగిలేలా ఉండటం) అనే మాట వాడకుండా గట్టెక్కాలని చూస్తున్నా. ‘దీనంగా కూర్చున్నాడు’ అంటే సరిపోతుందా, ‘బేలగా’ అనాలా?

మొదటి జవాబు: రెండూ వద్దండీ. ‘దీనుడు’ అనగానే నాకు పోతన గజేంద్రుడే గుర్తొస్తాడు. ‘లావొక్కింతయు లేదు’ అని మొదలుపెట్టి, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి అని వరసపెట్టి చెప్పుకుని, చివరికి ‘మన్నింపందగున్ దీనునిన్, రావే యీశ్వర’ అంటాడు. దైన్యం అంటే ఎదురుగా వినేవాడో కాపాడేవాడో ఒకడుండాలి.

ఈ బొమ్మలో ఆ పిలుపు ఎక్కడుంది? 1968లో వాలరీ సొలానస్ అనే ఆవిడ వార్హోల్‌ని తుపాకీతో కాల్చాక జరిగిన ఆపరేషన్ కుట్ల మచ్చలు ఒంటి మీద అడ్డదిడ్డంగా కనిపిస్తున్నాయి. నడుముకి బిగుతు పట్టీ, చొక్కా లేదు, ఛాతీ కాస్త జారింది. చేతులు ఒళ్లో కలిపి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కూర్చున్న సోఫాని కూడా నీల్ ఉత్త గీతలతో వదిలేసింది. ఎవర్నీ ఏమీ అడగట్లేదు ఆ మనిషి.

ఇక ‘బేల’కి పాత నిఘంటువుల్లో అమాయకుడు, తెలివితక్కువవాడు అనే అర్థాలున్నాయి. విగ్గు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని తన రూపాన్ని అంత లెక్కగా తయారుచేసుకున్న వార్హోల్‌ని పట్టుకుని అమాయకుడంటే నవ్విపోతారు.

నా ఓటు ‘బయటపడటం’కి. ‘మా బావ ఓ పట్టాన బయటపడడు’ అంటాం చూడండి, అది.

రెండో జవాబు: మాట బావుంది గానీ, బయటపడటం అంటే నోరు జారినట్టు మన ప్రమేయం లేకుండా జరిగేది కదండీ? ఈయన తనంతట తనే చొక్కా విప్పి కూర్చున్నాడు. పైగా గండం నుంచి బయటపడటం అని ఇంకో అర్థం కూడా ఉంది, గందరగోళం అవుతుంది.

మొదటి జవాబు: ఆ గందరగోళమే నాకు కావాలి. చావు నుంచి బయటపడ్డాడు, ఆ పట్టీ నుంచి మాత్రం బతికున్నన్నాళ్లూ బయటపడలేదు. ‘ప్రమేయం’ మాట ఒప్పుకుంటాను, కానీ కూర్చోవడం వరకే ఆయన చేతిలో ఉంది. భుజాలు ఎలా వాలాయన్నది నీల్ చూసింది.

మీరన్న తేడా నీల్ 1980లో పూర్తిచేసిన తన సొంత బొమ్మకి బాగా వర్తిస్తుంది. ఎనభై ఏళ్ల మనిషి, ఒంటి మీద నూలుపోగు లేకుండా చారల కుర్చీలో కూర్చుంది. ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో గుడ్డపేలిక. కళ్లజోడు మాత్రం తియ్యలేదు (నాకు ఆ బొమ్మలో అన్నిటికంటే నచ్చింది అదే). అక్కడ ‘బయటపడింది’ అనకూడదు, ‘బయటపెట్టుకుంది’ అనాలి.

అడిగినవారు: అయితే ఇలా రాస్తా: ‘ఓ పట్టాన బయటపడని మనిషి, ఇక్కడ కళ్లు మూసుకుని బయటపడ్డాడు.’

రెండో జవాబు: ‘ఇక్కడ’ తీసేసి ‘నీల్ ముందు’ అని పెట్టండి. ఎవరి ముందో చెప్పకపోతే మీ వాక్యం ఏ బొమ్మకైనా అతుక్కుంటుంది.